సర్వీస్ సెంటర్ ఉద్యోగం మానేసి సొంత రిపేర్ షాపు: అమ్మకాలు కూడా పెట్టుకోవాలా?

తెనాలి_ఫ్రిజ్ (తెనాలి)

అందరికీ నమస్కారం. ఐటీఐలో రిఫ్రిజిరేషన్, ఏసీ ట్రేడ్ చేశాను. తర్వాత ఒక కంపెనీ ఆథరైజ్డ్ సర్వీస్ సెంటర్‌లో చేరి ఇప్పటికీ అక్కడే ఉన్నాను. ఫ్రిజ్, వాషింగ్ మెషీన్, ఏసీ మూడూ బాగానే వచ్చు. మెయిన్ రోడ్డుకి కాస్త లోపలగా ఒక షట్టర్ అద్దెకు దొరికింది. ఇంకా అడ్వాన్స్ ఇవ్వలేదు. ఇచ్చే ముందు ఈ లైన్‌లో ఉన్నవాళ్ళ మాట వినాలనుకుంటున్నాను.

మా మామగారు "ఒట్టి రిపేర్లయితే షాపులా ఉండదు, నాలుగు కొత్త ఫ్రిజ్‌లు, రెండు వాషింగ్ మెషీన్లు పెట్టు, కొంత డబ్బు నేను సర్దుతాను" అంటున్నారు. నా దగ్గర ఉన్నది సుమారు 3 లక్షలు. కొత్తవి పెట్టాలా, పాతవి కొని బాగు చేసి అమ్మాలా, లేక రిపేర్లతోనే మొదలుపెట్టాలా? విజిటింగ్ చార్జీ అడిగితే మన ఊళ్ళలో జనం ఇస్తారా? జీఎస్టీ సంగతి కూడా ఎవరైనా చెప్పండి. ఇంట్లో అందరికీ టెన్షన్‌గానే ఉంది.

ఖమ్మం_హోమ్ (ఖమ్మం)

తమ్ముడూ, మాది రిపేర్, అమ్మకం రెండూ ఉన్న షాపు. మా నాన్నగారు రేడియోలు బాగుచేసే రోజుల నుంచి నడుస్తోంది. సూటిగా చెబుతున్నాను, 3 లక్షలతో కొత్త ఫ్రిజ్‌లు పెట్టకు.

కారణం విను. డిస్ట్రిబ్యూటర్ నీలాంటి కొత్త కౌంటర్‌కి సరుకు అప్పుగా ఇవ్వడు, ముందు డబ్బు కట్టాలి. ఆరు పీసులు తెస్తే నీ డబ్బు సగానికి పైగా అందులోనే ఇరుక్కుపోతుంది. కస్టమర్ వచ్చి ఫోన్ తీసి ఆన్‌లైన్ రేటు చూపిస్తాడు. నువ్వు ఆ రేటుకి దిగితే మిగిలేది ఆటో కిరాయి. ఈఎంఐ ఉందా అని అడుగుతాడు. ఫైనాన్స్ కంపెనీ వాళ్ళు చిన్న కౌంటర్‌లో మనిషిని కూర్చోబెట్టరు. పైగా కొత్త మోడల్ రాగానే నీ దగ్గరున్నది పాతదైపోతుంది. దసరాకి కొన్న సరుకు సంక్రాంతి దాకా అట్ట పెట్టెల్లోనే ఉండిపోవడం ఎంతమంది దగ్గర చూశానో.

అలాగని కౌంటర్ ఖాళీగా ఉంచమనడం లేదు. మిక్సీ జార్లు, కప్లర్లు, కార్బన్ బ్రష్‌లు, కుక్కర్ గాస్కెట్లు, వెయిట్లు, సేఫ్టీ వాల్వులు, గ్యాస్ స్టవ్ బర్నర్లు, ఫ్యాన్ కెపాసిటర్లు, గ్రైండర్ బెల్టులు, స్టెబిలైజర్లు పెట్టు. వీటికి పెట్టుబడి తక్కువ, మార్జిన్ బాగుంటుంది, ఆన్‌లైన్‌లో సరైన సైజు వెతుక్కునే ఓపిక ఎవరికీ ఉండదు. గాస్కెట్ కోసం వచ్చిన అమ్మే "మా ఫ్రిజ్ కింద నీళ్ళు కారుతున్నాయి, ఒకసారి చూస్తారా" అని అడుగుతుంది. మా షాపుకి పెద్ద రిపేర్లు ఎక్కువగా ఈ దారిలోనే వస్తాయి.

బెజవాడ_కూల్ (విజయవాడ)

ఖమ్మం అన్న చెప్పినదానితో నూటికి నూరుపాళ్ళు ఏకీభవిస్తాను. నేను విజిటింగ్ చార్జీ గురించి చెబుతాను. నా దృష్టిలో ఈ వ్యాపారం నిలబడేది, పడిపోయేది అక్కడే.

మన దగ్గర వచ్చి చూసినందుకు డబ్బులు ఇవ్వరు. అందుకని మెకానిక్ ఆ డబ్బుని సామానులో దాస్తాడు. 60 రూపాయల రిలేకి 450 వేస్తాడు. లేదా అసలు పోనిదాన్ని పోయిందంటాడు. "గ్యాస్ పోయిందమ్మా" అనే మాట అక్కడే పుట్టింది. గ్యాస్ కంటికి కనబడదు, ఎక్కించామంటే నమ్మాల్సిందే.

మంచు తనే కరిగించుకునే ఫ్రాస్ట్ ఫ్రీ ఫ్రిజ్‌నే తీసుకుందాం. పైన ఫ్రీజర్ కాస్త చల్లగా ఉంది, కింద అస్సలు చల్లబడటం లేదంటారు. ఫ్రీజర్ లోపలి వెనక ప్యానెల్ విప్పి కాయిల్ చూడాలి. కాయిల్ మొత్తం తెల్లగా మంచు గడ్డ కట్టేసి ఉంటే గ్యాస్ బాగానే ఉందన్నమాట. పోయింది ఆ మంచు కరిగించే భాగాలు, అంటే డీఫ్రాస్ట్ హీటర్, బైమెటల్, టైమర్ లేదా బోర్డు, వీటిలో ఏదో ఒకటి. మంచు అడ్డుపడి గాలి కిందికి దిగడం లేదు, అంతే. అదే కాయిల్ మొదటి రెండు మూడు వరసల మీదే మంచు ఉండి మిగతాది పొడిగా ఉంటే అప్పుడు గ్యాస్ తక్కువని అనుమానించాలి. ప్యానెల్ విప్పగానే కస్టమర్‌ని పిలిచి టార్చి వేసి చూపిస్తాను. "ఇదిగోండి, మంచు నిండా ఉంది, గ్యాస్ ఉంది, పోయింది ఈ బైమెటల్" అని మీటర్ పెట్టి చూపిస్తే ఇంకో మాట మాట్లాడరు. ఆ ఇంట్లోవాళ్ళు మళ్ళీ వేరే మెకానిక్‌కి ఫోన్ చెయ్యరు.

కాబట్టి చూసినందుకు ఇంత అని ఫోన్‌లోనే చెప్పు. పని చేయించుకుంటే అది లేబర్‌లో కలుస్తుందని కూడా చెప్పు. సామాను రేటు బిల్లు మీద విడిగా రాయి, లేబర్ విడిగా రాయి. విప్పిన పాత పార్ట్ కవర్లో వేసి వాళ్ళకే ఇచ్చెయ్యి.

జగిత్యాల_ఏసీ (జగిత్యాల)

బెజవాడ బ్రదర్ చెప్పింది సిటీలో నడుస్తుంది. నేను గల్ఫ్‌లో ఏసీ మెయింటెనెన్స్ చేసి వచ్చి మా దగ్గర షాపు పెట్టిన. ఫోన్‌ల విజిటింగ్ చార్జీ అనంగనే పెట్టేస్తరు. "పక్క ఊర్ల ఫలానాయన ఊరికే వచ్చి చూస్తడు" అంటరు. ఊరికే చూసేటాయన చివరికి ఎంత గుంజుతడో వాళ్ళకు తెల్వదు.

నేను వేరే తీరుగ చేసిన. మిక్సీ, కూలర్, ఫ్యాన్, ఇస్త్రీ పెట్టె లాంటివి షాపుకి తెస్తే చూసినందుకు పైసలు లేవు. ఇంటికి రావాల్నంటే బండి చార్జీ అని చెప్తున్న. విజిటింగ్ చార్జీ అంటే ఇయ్యనోళ్ళు బండి పెట్రోల్‌కు ఇయ్యమంటే ఇస్తున్నరు. ఎండాకాలం కంటే ముందే, ఫిబ్రవరిల, పాత కస్టమర్లందరికీ ఫోన్ చేసి ఏసీ సర్వీస్ చేయించుకోమంటం. మార్చి దాటితే మనకు తిండి తినే టైం కూడా ఉండదు. ఫిబ్రవరిల రేటు తక్కువ అంటే వాళ్ళకూ లాభమే, మనకూ పని సాఫుగ సాగుతది.

టీచర్_ఒంగోలు (ఒంగోలు)

నేను మెకానిక్‌ని కాదు, మీలాంటివారిని పిలిచే మనిషిని. కస్టమర్ వైపు నుంచి రెండు మాటలు చెప్పొచ్చా?

విజిటింగ్ చార్జీ ఇవ్వడానికి నాకు అభ్యంతరం లేదు. నన్ను విసిగించేది టైము. "పొద్దున్నే వస్తానండీ" అంటారు, స్కూలుకి సెలవు పెట్టి కూర్చుంటే సాయంత్రానికి కూడా రారు, ఫోన్ ఎత్తరు. రాలేకపోతే ఒక్క మెసేజ్ పెట్టినా చాలు. రెండోది, నేను ఇంట్లో ఒక్కదాన్నే ఉండే వేళలు ఎక్కువ. ఎవరు వస్తున్నారో పేరు, ఫొటో ముందే వాట్సాప్‌లో పంపించే షాపు మా వీధిలో ఒకటుంది. ఆ ఒక్క కారణంతోనే మా అపార్ట్‌మెంట్‌లో ఆడవాళ్ళందరూ వాళ్ళనే పిలుస్తున్నాం.

ఇంకో విషయం. మా బోరు నీళ్ళు బాగా ఉప్పు. గీజర్‌లో యానోడ్ రాడ్ అని ఒకటి ఉంటుందని, అది అరిగిపోతే ఆ నీళ్ళు ట్యాంకునే తినేస్తాయని మొదటి గీజర్ కారిపోయేదాకా నాకు ఏ మెకానిక్కూ చెప్పలేదు. ఇలాంటివి ముందే చెప్పేవాళ్ళకి ఎంత అడిగినా ఇస్తాం.

బెజవాడ_కూల్ (విజయవాడ)

మేడం చాలా మంచి పాయింట్ చెప్పారు. ఆ మెగ్నీషియం రాడ్ తను కరిగిపోతూ ట్యాంకుని కాపాడుతుంది. బోరు నీళ్ళున్న ఇళ్ళలో ఏడాదికోసారి విప్పి చూడాల్సిందే. తెనాలి తమ్ముడూ, చలికాలం ముందు గీజర్ సర్వీస్ అని ఒక చిన్న పని పెట్టుకో. వానాకాలం తర్వాత ఏసీలు లేని నెలల్లో అదే కూడు పెడుతుంది.

లెక్కల_మాస్టారు (గుంటూరు)

జీఎస్టీ గురించి అడిగారు కాబట్టి చెబుతున్నాను. నేను చిన్న షాపుల లెక్కలు చూస్తాను.

మొదట అందరూ పొరబడే విషయం. ఆంధ్రలో 40 లక్షల దాకా రిజిస్ట్రేషన్ అక్కర్లేదని విని ఉంటారు. అది సరుకు మాత్రమే అమ్మేవాళ్ళకి. మీరు రిపేర్ కూడా చేస్తారు, అంటే సేవ. రెండూ కలిపి ఏడాది టర్నోవర్ 20 లక్షలు దాటితే రిజిస్ట్రేషన్ తప్పనిసరి. తెలంగాణలో సరుకుకి కూడా పరిమితి 20 లక్షలే. మొదటి ఏడాది మీరు ఒట్టి రిపేర్లు, స్పేర్లతో 20 లక్షలు దాటే అవకాశం తక్కువ. కొత్త ఫ్రిజ్‌లు, ఏసీలు పెడితే మాత్రం త్వరగానే దాటేస్తారు. టర్నోవర్ అంటే లాభం కాదు, మొత్తం అమ్మకం. ఇది కూడా లెక్కలోకి తీసుకోండి.

పాత ఫ్రిజ్‌లు కొని బాగుచేసి అమ్మే ఆలోచన ఉంటే, రిజిస్టర్ అయ్యాక వాటికి మార్జిన్ పద్ధతి ఉంది. మీరు కొన్నదానికీ అమ్మినదానికీ మధ్య తేడా మీదే పన్ను కట్టొచ్చు, ఆ వస్తువు కొన్నప్పుడు ఇన్‌పుట్ క్రెడిట్ (కొనుగోలు మీద కట్టిన పన్ను తగ్గింపు) తీసుకోకుండా ఉంటే. అందుకని పాత వస్తువు కొన్న ప్రతిసారీ అమ్మినాయన సంతకంతో ఒక కాగితం తప్పకుండా తీసుకోండి. దొంగ సరుకు అనే గొడవ వచ్చినా ఆ కాగితమే కాపాడుతుంది.

రేట్ల విషయానికొస్తే, 2025 సెప్టెంబర్ 22 నుంచి ఏసీలు, 32 అంగుళాలు దాటిన టీవీలు, డిష్‌వాషర్ల మీద 28 శాతం కాస్తా 18 అయింది. ఫ్రిజ్, వాషింగ్ మెషీన్ 2018 నుంచే 18లో ఉన్నాయి. రిపేర్ సేవ కూడా 18.

చిన్న వ్యాపారాలకిచ్చే ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఆన్‌లైన్‌లో ఉచితం, ఆధార్, పాన్ ఉంటే చాలు. దానికి డబ్బులడిగే వెబ్‌సైట్ల జోలికి వెళ్ళకండి. పనిముట్లకి ముద్ర లోను చూడండి. 50 వేల వరకు శిశు, ఆపైన 5 లక్షల వరకు కిశోర్. మామగారి దగ్గర అప్పు చేసేముందు బ్యాంకుకి ఒకసారి వెళ్ళొస్తే మంచిదని నా ఉద్దేశం.

నెల్లూరు_కౌంటర్ (నెల్లూరు)

మా ఆయన రిపేర్లు చూసుకుంటారు, కౌంటర్ నాది. మెకానిక్‌లు ఎవరూ రాయని సంగతి ఒకటి నేను రాస్తాను, పుస్తకం సంగతి.

వచ్చిన ప్రతి వస్తువుకీ ఒక కార్డు రాస్తాం. పేరు, ఫోన్, కంపెనీ, మోడల్, ఏం కంప్లెయింట్, వచ్చేటప్పుడు దానికి ఏమేం ఉన్నాయి, ఏమేం లేవు. "మా మిక్సీకి మూత ఉండె, మీ దగ్గరే పోయింది" అనే గొడవ ఈ షాపుల్లో రోజూ ఉండేదే. మూత లేదని కార్డులో రాసి సంతకం పెట్టించుకుంటే ఆ గొడవే ఉండదు. అంచనా ఎంతో ఫోన్ చేసి చెబుతాం, సరే అన్నాకే విప్పుతాం. చెప్పినదానికంటే ఎక్కువ అయ్యేట్టుంటే పని ఆపి మళ్ళీ ఫోన్ చేస్తాం.

బాగుచేసి పెట్టాక తీసుకెళ్ళనివాళ్ళు చాలామంది ఉంటారన్నా. మిక్సీలు, టేబుల్ ఫ్యాన్లు గుట్టలు పడిపోతాయి, అందులో మన సామాను డబ్బులు ఉంటాయి. అందుకే 500 దాటే పనికి సగం ముందు తీసుకుంటాం. 90 రోజుల్లో తీసుకెళ్ళకపోతే షాపు బాధ్యత లేదని రసీదు మీద అచ్చు వేయించాం, నెలకోసారి అందరికీ ఫోన్ చేస్తాను.

అప్పు మాత్రం పెట్టొద్దు. తెలిసినవాళ్ళకి ఒకసారి ఖాతా తెరిస్తే ఇక వాళ్ళు షాపు ముందు నుంచి నడవడం మానేస్తారు. మనిషీ పోతాడు, డబ్బూ పోతుంది.

సింగ్‌నగర్_సెకండ్స్ (విజయవాడ)

సెకండ్ హ్యాండ్ గురించి ఎవరూ వివరంగా రాయలేదు కాబట్టి నేను రాస్తున్నాను. నా బతుకుతెరువు అదే.

పాత ఫ్రిజ్ కొని అమ్మడంలో లాభం ఉంది, కానీ ఏది కొనకూడదో తెలియాలి. లోపలి గోడలో పైపు లీకైన డైరెక్ట్ కూల్ (మంచు మనమే కరిగించుకోవాల్సిన) ఫ్రిజ్ ఊరికే ఇచ్చినా వద్దు. తుప్పు పట్టిన ఫ్రంట్ లోడ్ మెషీన్‌లో డ్రమ్ వెనక మూడు కాళ్ళ స్పైడర్ విరిగి ఉంటే దాని పార్టూ లేబరూ కలిపితే అమ్మే ధర దాటిపోతుంది. నేను ఎక్కువగా కొనేవి సింగిల్ డోర్ ఫ్రిజ్‌లు, సెమీ ఆటోమేటిక్ మెషీన్లు. చదువుకునే పిల్లలు, కొత్తగా అద్దెకి దిగినవాళ్ళు కొంటారు. మూడు నెలల గ్యారంటీ రాసిస్తాను. మెకానిక్ అయి ఉండి గ్యారంటీ ఇవ్వకపోతే జనం ఎందుకు కొంటారు?

2024 సెప్టెంబర్‌లో బుడమేరు వాగు పొంగి మా ఇళ్ళ మీద పడింది మీకు తెలుసు. అజిత్ సింగ్ నగర్‌లో వీధివీధినా ఫ్రిజ్‌లు, మెషీన్లు బురదలో తేలాయి. ఎక్కడెక్కడి నుంచో మెకానిక్‌లు వచ్చారు. ఆ రోజుల్లో పని నేర్చుకున్నవాళ్ళూ ఉన్నారు, జనాన్ని దోచుకున్నవాళ్ళూ ఉన్నారు. నీళ్ళు తీయగానే ప్లగ్ పెట్టి చూసినవాళ్ళవి మోటార్లు కాలిపోయాయి. మేం చేసింది ఏమిటంటే, మంచినీళ్ళతో బురద కడగడం, రిలే, ఓవర్‌లోడ్, థర్మోస్టాట్ తీసేయడం, ఎండలో రోజుల తరబడి ఆరబెట్టడం, మెగ్గర్ అనే మీటర్ పెట్టి ఇన్సులేషన్ బాగుందని తేలాకే కరెంటు ఇవ్వడం. ఫ్రిజ్ కంప్రెసర్ సీలు వేసిన డబ్బా, నీళ్ళు లోపలికి వెళ్ళవు, కాబట్టి చాలా ఫ్రిజ్‌లు తక్కువ ఖర్చుతోనే లేచాయి. "మొత్తం పోయింది, తుక్కుకి ఇచ్చెయ్యండి" అని వెయ్యికీ రెండు వేలకీ కొనుక్కుపోయి, ఆరబెట్టి పది వేలకి అమ్మిన వాళ్ళని చూస్తే ఇప్పటికీ కడుపు మండుతుంది. అన్నీ పోగొట్టుకున్న ఇంటి దగ్గర అలా ఎలా చెయ్యగలిగారో.

మేం అప్పుడు లేబర్ తీసుకోలేదు, సామాను డబ్బులే తీసుకున్నాం. ఆ ఇళ్ళవాళ్ళు ఇప్పుడు పెళ్ళికి ఫ్రిజ్ కొనాలన్నా నన్ను అడిగాకే కొంటున్నారు.

జగిత్యాల_ఏసీ (జగిత్యాల)

సింగ్‌నగర్ అన్నా, దండం నీకు.

సేఫ్టీ గురించి ఒక్కరు కూడ రాయలే, అందుకే మల్ల వచ్చిన. ఇప్పుడొచ్చే ఫ్రిజ్‌లల్ల ఎక్కువ ఆర్ 600ఏ గ్యాస్, అంటే ఐసోబ్యూటేన్. వంట గ్యాస్ లెక్క అంటుకుంటది. పాత అలవాటుల మంట టార్చి పట్టి పైపు ఊడదీస్తే మొఖం కాలుతది. కిటికీలు తెరవాలె, గ్యాస్ బయటికి వదిలి, నైట్రోజన్ కొట్టినంకనే మంట దగ్గరికి తేవాలె. ఇంట్ల మంట పెట్టుడు ఇష్టం లేకపోతే పైపులను నొక్కి కలిపే లోక్‌రింగ్ జాయింట్ వాడాలె. ఇంకోటి, ఈ గ్యాస్ 50, 60 గ్రాములే పడుతది. తక్కెడ లేకుండ ప్రెషర్ చూసి ఎక్కించుడు కాదు, ఫ్రిజ్ నడిచేటప్పుడు లో సైడ్‌ల ప్రెషర్ బయటి గాలి కంటే తక్కువకు దిగుతది. అక్కడ లీక్ ఉంటే గ్యాస్ బయటికి పోవుడు కాదు, గాలే లోపలికి వస్తది. గేజి మీద ఏం సమజ్ కాదు.

ఏసీల ఆర్ 32 కూడ మండేదే. లీక్ ఉన్న ఏసీకి పంప్ డౌన్ (గ్యాస్ అంతా ఔట్‌డోర్ యూనిట్‌లకు గుంజుడు) చేస్తే గాలి లోపలికి గుంజి కంప్రెసర్ పేలిన సంగతులు ఉన్నయి. లీక్ అనుమానం ఉంటే పంప్ డౌన్ చెయ్యకు. మూడో అంతస్తు కిటికీ బయట ఔట్‌డోర్ యూనిట్ విప్పేటప్పుడు బెల్టు కట్టుకో. గల్ఫ్‌ల బెల్టు లేకుంటే సైట్ మీదికి కూడ రానియ్యరు, ఇక్కడ మాత్రం పిల్లగాళ్ళు ఒక చెయ్యితోని సజ్జ పట్టుకొని వేలాడుతున్నరు. నువ్వు పనికి పెట్టుకునే పిల్లగాళ్ళకు ప్రధానమంత్రి సురక్ష బీమా కట్టు. ఏడాదికి 20 రూపాయలు, ప్రమాదంల చనిపోతే ఇంటోళ్ళకు 2 లక్షలు.

ఖమ్మం_హోమ్ (ఖమ్మం)

ఇన్వర్టర్ ఏసీ బోర్డుల గురించి కూడా ఆలోచించు తమ్ముడూ. ముందు ముందు గ్యాస్ పని కంటే బోర్డు పని ఎక్కువ అవుతుంది. ఔట్‌డోర్ యూనిట్ విప్పితే చాలాసార్లు బోర్డు మీద బల్లి చచ్చి అతుక్కుని ఉంటుంది, దాని కింద ట్రాక్ (బోర్డు మీది రాగి గీత) కాలిపోయి ఉంటుంది. కంపెనీవాళ్ళు బోర్డు మొత్తం మార్చాలంటారు, దాని ధర వింటే కస్టమర్ కొత్త ఏసీ కొంటానంటాడు. ఐపీఎం మాడ్యూల్ (కంప్రెసర్‌ని నడిపే పవర్ చిప్) వరకు మార్చి ట్రాక్ వేసి బాగుచెయ్యడం నేర్చుకున్నవాడికి చుట్టుపక్కల మెకానిక్‌లందరూ బోర్డులు తెచ్చిస్తారు. కరెంటు తక్కువ తాగే బీఎల్‌డీసీ ఫ్యాన్ల బోర్డులూ అంతే. స్పేర్ల కోసం హైదరాబాద్ వస్తే కోఠీలో గుజరాతీ గల్లీ తిరుగు, బోర్డు సామాను అక్కడ దొరుకుతుంది.

స్పేర్ల విషయంలో కంపెనీలు మనలాంటి వాళ్ళకి అమ్మకపోవడం, సర్క్యూట్ వివరాలు ఇవ్వకపోవడం పెద్ద అన్యాయం. కేంద్రం 2022లో రైట్ టు రిపేర్ (కొన్న వస్తువుని నచ్చినచోట బాగుచేయించుకునే హక్కు) కోసం కమిటీ వేసి, అదే ఏడాది డిసెంబర్‌లో పోర్టల్ తెచ్చింది. అందులో గృహోపకరణాలు కూడా ఉన్నాయి. కానీ మనకి కావలసింది కౌంటర్ మీద డబ్బులిస్తే ఒరిజినల్ పార్ట్ చేతికి రావడం. దాని కోసం మెకానిక్‌లందరం కలిసి అడగాలి.

తెనాలి_ఫ్రిజ్ (తెనాలి)

అందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు. ఇదంతా ప్రింట్ తీయించి మామగారికి చదివి వినిపించాను. లెక్కల మాస్టారు చెప్పిన 20 లక్షల సంగతి విన్నాక ఆయనే "సరే, ఫ్రిజ్‌లు వద్దులే" అన్నారు.

అడ్వాన్స్ రేపు ఇస్తున్నాను. రిపేర్లు, ఖమ్మం అన్న చెప్పిన చిన్న సామాను కౌంటర్, బాగుచేసిన సింగిల్ డోర్ ఫ్రిజ్‌లు రెండు మూడు. కౌంటర్‌లో మా ఆవిడ కూర్చుంటానంది, నెల్లూరు అక్క చెప్పినట్టు కార్డులు అచ్చు వేయిస్తున్నాం. ఇంటికొచ్చి చూసినందుకు 250, పని చేయిస్తే లేబర్‌లో కలిపేస్తాం అని బోర్డు మీదే రాయిస్తున్నాను.

ఒక్క సందేహం మిగిలింది. వాక్యూమ్ పంపు, తక్కెడ, క్లాంప్ మీటర్ కొంటాను. నైట్రోజన్ సిలిండర్ కొనాలా, అద్దెకి తీసుకోవాలా?

బెజవాడ_కూల్ (విజయవాడ)

మొదట్లో అద్దెకే తీసుకో. వెల్డింగ్ షాపులకి ఆక్సిజన్ ఇచ్చే డీలర్‌నే అడుగు, చాలామంది నైట్రోజన్ కూడా డిపాజిట్ కట్టించుకుని ఇస్తారు. చిన్న సైజు అడుగు, బండి మీద పెద్దది మొయ్యలేవు. రెగ్యులేటర్ మాత్రం సొంతంగా కొనుక్కో, అద్దె రెగ్యులేటర్ల గేజిలు నమ్మలేం.

సింగ్‌నగర్_సెకండ్స్ (విజయవాడ)

నా దగ్గర బాగుచేసిన సింగిల్ డోర్ ఫ్రిజ్‌లు రెండున్నాయి, రెండిటికీ రసీదులున్నాయి. వచ్చి చూసుకో తమ్ముడూ, నచ్చితే కొన్న ధరకే ఇస్తాను. అమ్ముడుపోయాక డబ్బులిద్దువుగాని.